ఇంటికి కరెంటు లోడు పెంచాలా? ముందు లెక్క కట్టండి

మన అనంతపురం ఎండలకు కూలరు కొన్నారు. మిక్సీ వేస్తే బల్బు మసకబారుతోంది. శనక్కాయ అమ్మిన డబ్బులతో లోడు పెంచుకుందామనుకుంటున్నారా? కాస్త ఆగండి. మీ సర్వీసుకు ఎన్ని కిలోవాట్ల లోడు రాసిందో ముందు బిల్లులో చూడండి.

తర్వాత సామాన్లు లెక్కేయండి. 9 వాట్ల బల్బులు 5 ఉంటే 45 వాట్లు. 75 వాట్ల ఫ్యాన్లు 3 ఉంటే 225. టీవీ 100, కూలరు 200, మిక్సీ 500, ఇస్త్రీపెట్టె 1,000 అనుకుందాం. నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటారు 373. మొత్తం 2,443 వాట్లు, అంటే సుమారు రెండున్నర కిలోవాట్లు. బిల్లులో 1 కిలోవాటే ఉంటే లోడు పెంచుకోవాల్సిందే. 3 ఉంటే అక్కర్లేదు. ఊరికే పెంచుకుంటే నెలనెలా స్థిర చార్జీ కూడా పెరుగుతుంది.

పక్కిళ్లలోనూ బల్బులు మసకగా ఉంటే తప్పు మీ సర్వీసుది కాదు, ట్రాన్స్‌ఫార్మరుదో లైనుదో. మీరు లోడు పెంచుకున్నా అది తీరదు. లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కు ఫోన్ చేయండి. మీ ఇంట్లోనే అయితే ఎలక్ట్రీషియన్‌తో జాయింట్లు చూపించుకోండి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ మాత్రం చుట్టొద్దు. ఫ్యూజు నిలుస్తుంది గానీ వైరింగు కాలుతుంది.