కంప్యూటరు ఏర్పాటులు – ఎక్స్.ఎమ్.ఎల్. పద్ధతి

మన పాఠశాల కంప్యూటర్లగదిలో లినక్సు నడచుచున్నదని విద్యార్థులెల్ల రెఱుగుదురు. అది యూనిక్సు పోలికగల వ్యవస్థ. యూనిక్సును 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ప్రారంభించిరి. ఈ వ్యవస్థలలో ఒక మంచి యలవాటు కలదు. ప్రోగ్రాములు తామెట్లు నడచుకొనవలయునో తెలుపు ఏర్పాటులు మనుష్యులు చదువదగిన ఫైళ్లలో నుండును. వీనిలో పెక్కు "ఈటీసీ" యను సంచియందున్నవి.

పూర్వపుఫైళ్లలో సాధారణముగా పంక్తికొక విషయము వ్రాయుదురు. వాడుకరుల పట్టికలో మనిషికొక పంక్తి, పంక్తికి ఏడు గళ్లు, గళ్లనడుమ కోలనుగుర్తులు. ఇది సులభమే. కాని యొకదానిలో నొకటి యిమిడియున్న సంగతులు దీనిలో నిముడవు. పైగా ప్రోగ్రామున కొకతీరు. 1998వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమువారు ప్రకటించిన ఎక్స్.ఎమ్.ఎల్. ఈ కొఱతను కొంత తీర్చినది. దానియందు ప్రతివిషయమును పేరుగల పెట్టెవంటిది. కోణపుగుర్తులనడుమ పేరు వ్రాసిన పెట్టె తెఱచుకొనును. అదేపేరు ముందు ఏటవాలుగీత చేర్చి మరల వ్రాసిన మూసికొనును. పెట్టెలో పెట్టె యుండవచ్చును గాని, కడపట తెఱచినదానినే ముందుగా మూయవలయును.

అక్షరరూపముల నెన్నుకొను "ఫాంట్‌కాన్ఫిగ్" ఏర్పాటులు ఈపద్ధతిలోనే యున్నవి. క్రిందటియేడు ఈ సంచికకు వచ్చిన వ్యాసములను దిద్దునపుడు తెలుగువత్తులు క్రిందిపంక్తిని దాకి, ఏది "త్త"యో ఏది "త్న"యో తెలియక మిక్కిలి కష్టపడితిమి. ముద్రణకు నాలుగుదినములే మిగిలియుండెను. "పోతన 2000" అక్షరములను తెచ్చి, వానినే ముందుగా వాడుమని యొకఫైలు వ్రాసితిమి. ఏమార్పును లేదు! పూటంతయు అక్షరములనే శంకించితిమి. మెనూనుండి తెఱచిన ప్రోగ్రాములు తప్పును మా కంటికి చూపలేదు. తుదకు టెర్మినలులో "ఎఫ్.సి. మ్యాచ్" అను ఆజ్ఞ నీయగా, ఆఱవపంక్తిలో గుర్తు సరిపోలేదని వచ్చినది. ఆఱవపంక్తి నిర్దుష్టముగా నుండెను. తప్పు అయిదవపంక్తిలో నున్నది. మూయవలసినచోట ఏటవాలుగీత మఱచుటచే అది క్రొత్తగా తెఱచిన పెట్టెయైనది. దాని తరువాత వేఱొకపెట్టెను మూయబోయినప్పుడుగాని యంత్రమునకు చిక్కు తెలియలేదు. కావున తప్పుచూపిన పంక్తికి పైనున్న పంక్తులనుగూడ వెదకవలయును.

గీత చేర్చగానే తెలుగు చక్కబడినది గాని, ఇంగ్లీషుకూడ పోతన అక్షరములలోనే కనబడసాగెను. ఆ అక్షరసముదాయములో రోమనులిపియు గలదు మరి. భాష తెలుగైనప్పుడే యీ నియమము వర్తించునని మఱియొక పరీక్షాపెట్టె నుంచి దీనిని సవరించితిమి. ఇట్లు "ఈసందర్భమున మాత్రమే" యని చెప్పవలసివచ్చినచోటనే ఈపద్ధతి మేలు తెలియుచున్నది.

దీనిలో విసుగు పుట్టించు సంగతులును లేకపోలేదు. "ఆంపర్‌శాండ్" గుర్తును ఉన్నదున్నట్లు వ్రాయరాదు. దానికి వేఱొక సంకేతము కలదు. వ్యాఖ్యలోపల వ్యాఖ్య పనికిరాదు. కావున వ్యాఖ్యగల భాగమును తాత్కాలికముగా త్రోసివేయబోయి చిక్కుకొన్నవారు పలువురు. పంక్తులవారీగా వెదకు పాతయూనిక్సు పనిముట్లకు ఈ పెట్టెలు సరిగా లొంగవు. గ్నోమ్‌వారును మొదట ఎక్స్.ఎమ్.ఎల్.లో నుంచిన ఏర్పాటులను పిమ్మట "డీకాన్ఫ్" అను వేఱొక భాండారమునకు మార్చిరి. రెండుమూడు విషయములే యున్న ఫైలునకు పాతపద్ధతియే చాలునని మాయభిప్రాయము.

అయినను మనకొక లాభము కలదు. ఎక్స్.ఎమ్.ఎల్. చదువు ప్రతిసాధనమును యూనికోడులోని యూ.టి.ఎఫ్. 8 సంకేతమును గ్రహించి తీరవలయునని నియమము. అందుచే ఏ నియమ మెందుకు వ్రాసితిమో ఫైలులోనే తెలుగున వ్యాఖ్య వ్రాసియుంచితిమి. ఇకముందు దానిని దిద్దు విద్యార్థులు ముందుగా పాతఫైలునకు నకలుంచుకొని, దిద్దినపిదప "ఎక్స్.ఎమ్.ఎల్. లింట్" అను పనిముట్టుతో పరీక్షించి, అటుపిమ్మట మిగిలిన కంప్యూటర్లకు పంపవలయును.