నీల్సెన్ అంటే "సన్ ఆఫ్ నీల్స్". మరి కూతురి పేరు ఏమైంది?

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. ఫోన్‌లో కాంటాక్ట్స్ తెరిచి "శీను" అని కొట్టండి. ఎంతమంది వచ్చారు? నాకైతే నలుగురు వచ్చారు. శీను పెయింటర్, శీను కరెంట్, శీను బావ, ఇంకొకతను ఉత్త శీను. ఆ ఉత్త శీను ఎవరో నాకే గుర్తులేదు, అది వేరే సంగతి.

ఒకే పేరు నలుగురికి ఉంటే మనం ఏం చేస్తాం? పక్కన పనో, చుట్టరికమో, ఊరో తగిలిస్తాం. ఇదే చిక్కు ఒక దేశం మొత్తానికి వస్తే ఎలా ఉంటుంది? ఆ దేశం పేరు డెన్మార్క్. ఈ రోజు మనం మాట్లాడుకునే పేరు నీల్సెన్.

జనాభా అరవై లక్షల దాకా ఉండే ఆ చిన్న దేశంలో రెండు లక్షల మందికి పైగా ఇంటిపేరు నీల్సెన్. అక్కడ అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. దీని తర్వాత యెన్సెన్, హాన్సెన్, ఆండర్సెన్, పీడర్సెన్ ఇలా వరసగా వస్తాయి. టాప్ టెన్‌లో పదికి పదీ చివర "సెన్" ఉన్నవే. ఏంటి ఈ సెన్? మన ఆధార్ మీద, సర్టిఫికెట్ల మీద "సన్ ఆఫ్", "డాటర్ ఆఫ్" అని ఉండేది చూడండి, సరిగ్గా అదే. సెన్ అంటే కొడుకు. నీల్సెన్ అంటే నీల్స్ కొడుకు.

ఇంతకీ ఈ నీల్స్ ఎవరు? నీల్స్ అనేది నికొలస్ అనే పేరుకి డేనిష్ రూపం. అది గ్రీకు పేరు, అందులో గెలుపు, జనం అనే రెండు మాటలు కలిసి ఉన్నాయి. సెయింట్ నికొలస్ పేరు మీద యూరప్ అంతా పిల్లలకి ఈ పేరు పెట్టుకున్నారు. క్రిస్మస్ తాత శాంటా క్లాజ్ పేరు కూడా ఆ నికొలస్ నుంచి వచ్చిందే. అదే పేరు స్వీడన్‌లో నిల్సన్, నార్వేలో నిల్సెన్ అయింది. ఫిజిక్స్ పుస్తకంలో పరమాణు నమూనా దగ్గర చదువుకున్న నీల్స్ బోర్ కూడా ఈ నీల్సే. ఆయనకి అది ఇంటిపేరు కాదు, సొంత పేరు.

సరే, అసలు కథలోకి వెళ్దాం.

పాత రోజుల్లో డెన్మార్క్ పల్లెల్లో నీల్సెన్ అనేది ఇంటిపేరే కాదు. ప్రతి తరానికీ మారిపోయేది. నీల్స్‌కి యెన్స్ అనే కొడుకు పుడితే వాడు యెన్స్ నీల్సెన్. ఆ యెన్స్‌కి పీటర్ అనే కొడుకు పుడితే వాడు పీటర్ యెన్సెన్. నీల్సెన్ అక్కడితో అయిపోయింది. తాతది ఒక పేరు, తండ్రిది ఒకటి, మనవడిది ఇంకొకటి. మన దగ్గర ఇంటిపేరు తరతరాలుగా అలాగే వస్తుంది, నాన్న పేరు మాత్రం అందులో ఉండదు. వాళ్ళది పూర్తిగా రివర్స్. పక్కన తమిళనాడులో చాలామంది ఇనీషియల్ నాన్న పేరులోని మొదటి అక్షరం కదా, ఆ పద్ధతి దీనికి దగ్గర.

మరి నీల్స్‌కి కూతురు పుడితే? ఆ అమ్మాయి నీల్స్‌డాటర్. ఇంగ్లీషులో డాటర్ అన్నట్టే డేనిష్‌లోనూ ఉంది, రెండూ చుట్టాల్లాంటి భాషలు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. పెళ్ళయ్యాక కూడా ఆమె నీల్స్‌డాటరే. ఎందుకంటే పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ఆమె ఇంకొకరి కూతురు అయిపోదు కదా! లాజిక్ అంత సింపుల్.

అయితే సర్కారు వాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి. తండ్రీ కొడుకుల పేర్లు కలవవు. పైగా ఉన్న పేర్లే కొన్ని, కాబట్టి ఒకే ఊళ్ళో యెన్స్ నీల్సెన్‌లు నలుగురు ఉంటారు. రిజిస్టర్‌లో ఎవరు ఎవరో తెలిసేదెలా? ప్రభువుల కుటుంబాలకి స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోమని 1526లోనే ఆజ్ఞ వచ్చింది. మామూలు జనానికి 1828లో వచ్చింది. ఇకమీదట పిల్లలకి బాప్టిజం ఇచ్చేటప్పుడు సొంత పేరుతో పాటు కుటుంబం పేరు కూడా రాయించాలి, అది మారకూడదు అన్నారు.

జనం ఏం చేశారు? కొత్త పేర్లు వెతుక్కోలేదు. చాలామంది చేతిలో ఉన్న "సెన్" పేరునే ఇంటిపేరు చేసేసుకున్నారు. మ్యూజిక్ ఆపగానే ఎవరు ఎక్కడుంటే అక్కడే కుర్చీలో కూర్చున్నట్టు, ఆ సమయానికి ఎవరి నాన్న నీల్స్ అయితే వాళ్ళ వంశం మొత్తం నీల్సెన్ అయిపోయింది.

ఈ మార్పులో ఎవరికి కుర్చీ దొరకలేదు? కూతురికి. నీల్స్‌డాటర్ నెమ్మదిగా మాయమైపోయింది. ఇంటిపేరు ఒక్కటే ఉండాలన్నప్పుడు కొడుకు పేరు నిలిచింది. ఆ తర్వాత పుట్టిన ఆడపిల్ల కూడా నీల్సెన్. అంటే మాటకి మాట చూస్తే "నీల్స్ కొడుకు" అనే పేరు మోస్తున్న అమ్మాయి. ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాకపోవచ్చు. రిజిస్టర్ సులువుగా ఉండాలని చేసిన పని. కానీ ఫలితం మాత్రం ఇది.

ఆజ్ఞ వచ్చినంత మాత్రాన పల్లెలు వెంటనే మారలేదు. దానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కార్ల్ నీల్సెన్. డెన్మార్క్‌లో అందరికన్నా గొప్ప సంగీతకర్తగా చెప్పుకునేది ఆయన్నే. 1865లో ఫ్యూన్ అనే దీవిలో పేద కుటుంబంలో పుట్టాడు, పన్నెండు మంది పిల్లల్లో ఏడోవాడు. తండ్రి పేరు నీల్స్ యోర్గెన్సెన్. చూశారా? ఆజ్ఞ వచ్చి 37 ఏళ్ళయినా తండ్రి యోర్గెన్సెన్, కొడుకు నీల్సెన్. అంటే కార్ల్ ఇంటిపేరు నిజంగానే "నీల్స్ కొడుకు". ఇంకో తమాషా ఏంటంటే ఆ తండ్రి గోడలకి రంగులు వేసేవాడు, పెళ్ళిళ్ళలో, పండగల్లో ఫిడేలు వాయించేవాడు. ఊళ్ళో ఆయన్ని "నీల్స్ మాలర్" అనేవారు. మాలర్ అంటే పెయింటర్. మన కాంటాక్ట్స్‌లో ఉన్న శీను పెయింటర్, సేమ్ టు సేమ్!

కార్ల్ పద్నాలుగేళ్ళకే మిలటరీ బ్యాండులో చేరాడు, తర్వాత కోపెన్‌హాగన్‌లో చదువుకున్నాడు, ఆరు సింఫనీలు రాశాడు. ఆయన బొమ్మ వంద క్రోనర్ల నోటు మీదకి కూడా ఎక్కింది.

ఆయన భార్య గురించి తప్పకుండా చెప్పాలి. ఆన్ మేరీ, గొప్ప శిల్పి. కోపెన్‌హాగన్‌లో తొమ్మిదో క్రిస్టియన్ రాజు గుర్రం మీద ఉన్న విగ్రహం ఆమె చేసిందే. పుట్టింటి పేరు బ్రోడర్సెన్, అదీ సెన్ పేరే. పెళ్ళయ్యాక ఆమె ఉత్త నీల్సెన్ అని పెట్టుకోలేదు, "కార్ల్-నీల్సెన్" అని పెట్టుకుంది. ఎందుకలా అని ఆలోచిస్తే నాకు తట్టింది ఇదీ: లక్షల మంది నీల్సెన్‌లు ఉన్న చోట ఒక్క నీల్సెన్ అంటే ఎవరు?

ఇంకొక నీల్సెన్, ఆస్టా నీల్సెన్. మూకీ సినిమాల కాలంలో యూరప్ అంతా తెలిసిన స్టార్. కోపెన్‌హాగన్‌లో 1881లో పుట్టింది, 1910లో వచ్చిన ఒక డేనిష్ సినిమాతో పేరొచ్చింది, తర్వాత జర్మనీ వెళ్ళిపోయింది. 1921లో హామ్లెట్ సినిమాలో హామ్లెట్‌గా నటించింది. అందులో కథ మార్చారు. డెన్మార్క్ యువరాజు నిజానికి అమ్మాయే, వారసుడు కావాలని అబ్బాయిలా పెంచారు అన్నమాట. పేరులోనే "కొడుకు" ఉన్న ఒక కూతురు, కొడుకులా పెరిగిన కూతురి పాత్ర వేసింది. కావాలని కలిపింది కాదు, కానీ ఈ టాపిక్ చదువుతున్నప్పుడు ఇది తగిలితే కాసేపు అలా ఆగిపోయాను.

ఈ పేరు సముద్రాలు కూడా దాటింది. "నేకెడ్ గన్" కామెడీ సినిమాల లెస్లీ నీల్సెన్ కెనడాలో పుట్టాడు, తండ్రి డెన్మార్క్ నుంచి వచ్చి అక్కడ పోలీసు అయ్యాడు. "గ్లాడియేటర్"లో లూసిల్లా, "వండర్ ఉమన్"లో హీరోయిన్ తల్లిగా చేసిన కానీ నీల్సెన్ డెన్మార్క్ అమ్మాయే.

ఈ పేరుతో మనకి డైరెక్ట్ లింకు ఒకటి ఉంది. షికాగోలో పుట్టిన ఆర్థర్ నీల్సెన్ 1923లో ఒక కంపెనీ పెట్టాడు. జనం ఏం కొంటున్నారు, రేడియో ఏం వింటున్నారు, టీవీలో ఏం చూస్తున్నారు అని లెక్క కట్టడం వాళ్ళ పని. మన ఇళ్ళల్లో అమ్మలూ అమ్మమ్మలూ కూడా వాడే "టీఆర్పీ" మాట ఉంది కదా. 2015లో బార్క్ రేటింగులు మొదలయ్యే ముందు, ఇండియాలో ఆ లెక్కలు ఇచ్చిన ట్యామ్ సంస్థలో సగం వాటా ఈ నీల్సెన్ వాళ్ళదే. మన తెలుగు సీరియళ్ళ జాతకం చాలా ఏళ్ళు ఈ పేరు చేతిలో ఉందన్నమాట.

ఇక చివరి నీల్సెన్ మీ ఫోన్‌కి సంబంధించినవాడు. యాకబ్ నీల్సెన్, 1957లో కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. వెబ్‌సైట్లు, యాప్‌లు మామూలు మనిషికి వాడటానికి వీలుగా ఉండాలని జీవితమంతా చెబుతున్నాడు. 1994లో ఆయన ఇచ్చిన పది సూత్రాలు ఇప్పటికీ డిజైన్ నేర్చుకునేవాళ్ళు చదువుతారు. లోపల ఏం జరుగుతోందో మనిషికి కనిపించాలి అనేది ఒకటి. డబ్బులు పంపాక తెర మీద "ప్రాసెసింగ్" అని గుండ్రంగా తిరుగుతుంది చూడండి, అది లేకపోతే మనం కంగారుపడి ఇంకోసారి నొక్కేస్తాం. తప్పు చేస్తే వెనక్కి తీసుకునే దారి ఉండాలి అనేది ఇంకొకటి. ఇదే పేరుతో అంతకుముందు గణితంలో పెద్ద పేరున్న యాకబ్ నీల్సెన్ కూడా ఒకాయన ఉన్నాడు. పేరు వెతికినప్పుడు ఆయన బదులు ఈయన, ఈయన బదులు ఆయన రావడం మామూలే.

ఈ కలగాపులగం డేన్‌లకీ విసుగే. అందుకే 1904లో పేరు మార్చుకోవడం సులువు చేశారు. చాలామంది మధ్యలో ఇంకో పేరు తగిలించుకున్నారు. 1993 నుంచి 2011 దాకా డెన్మార్క్‌కి వరసగా ముగ్గురు ప్రధానులు, ముగ్గురూ రాస్ముసెన్‌లే, చుట్టరికం మాత్రం లేదు. జనం వాళ్ళని నైరుప్, ఫో, లోక అని మధ్య పేర్లతోనే పిలిచారు.

మరి డాటర్ ఎక్కడైనా బతికి ఉందా? ఉంది, ఐస్‌లాండ్‌లో. అక్కడ ఇప్పటికీ పాత పద్ధతే. 1980లో ప్రపంచంలోనే మొదటిసారి జనం ఓట్లతో ప్రెసిడెంట్ అయిన మహిళ విగ్దీస్ ఫిన్‌బోగదొత్తిర్. ఫిన్‌బోగి కూతురు విగ్దీస్ అని అర్థం. అక్కడ ఫోన్ డైరెక్టరీలో కూడా సొంత పేరు వరసే, ప్రెసిడెంట్‌ని అయినా విగ్దీస్ అనే పిలుస్తారు. డెన్మార్క్ కూడా 2006లో అమల్లోకి వచ్చిన చట్టంతో, కావాలనుకున్నవాళ్ళు మళ్ళీ "డాటర్" పెట్టుకోవచ్చు అంది.

ఇప్పుడు ఇదంతా మీకెందుకు చెప్పానో చెప్తాను. నా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పేరుకి ముందు. ఒకసారి ఒక ఆన్‌లైన్ ఫారంలో "లాస్ట్ నేమ్" దగ్గర ఆ అక్షరం కొడితే "కనీసం రెండు అక్షరాలు ఉండాలి" అని ఎర్రగా వచ్చింది. సరేనని పేరునే రెండు చోట్లా కొట్టాను. ఆ తర్వాత ఇంకో కాగితంతో పేరు కలవలేదని దాన్ని సరి చేయించుకోవడానికి నెల తిరిగాను. మీలో చాలామందికి ఇది తెలిసిన బాధే. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకుని, ఆధార్‌లో ఒకటి, డిగ్రీలో ఒకటి ఉన్న అక్కలని అడగండి, ఇంకా చెప్తారు.

1828లో ఆ రిజిస్టర్ చేసింది, ఈ ఫారం చేస్తోంది ఒకటే పని. మనిషి పేరుకి తగ్గట్టు గడి గీయకుండా, గడికి తగ్గట్టు పేరు కత్తిరించడం. యాకబ్ నీల్సెన్ సూత్రాల్లో ఒకటి దీనికి సరిగ్గా సరిపోతుంది. సిస్టమ్ అనేది బయట మనుషులు వాడే పద్ధతికి తగ్గట్టు ఉండాలి, మనుషులు దానికి తగ్గట్టు కాదు. అది చెప్పినాయన పేరులోనే, అలా కత్తిరించిన గుర్తు ఉంది చూడండి.

కాబట్టి రెండు మాటలు. ఒకటి, మీ పేరు టెన్త్ మెమోలో ఎలా ఉందో ఒకసారి చూసుకుని, మిగతా కాగితాలన్నిట్లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండేలా చూసుకోండి. తేడా ఉంటే అవసరం రాకముందే సరి చేయించుకోండి. రెండు, మీలో రేపు యాప్‌లు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు ఫారం చేసే రోజు వస్తే, ఒక్క అక్షరం ఇంటిపేరున్న వాళ్ళనీ, అసలు ఇంటిపేరే లేనివాళ్ళనీ ఒక్కసారి తలుచుకోండి.

మీ ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. అలాగే మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరు కూడా అడిగి, ఎక్కడైనా రాసిపెట్టుకోండి. నేను నిన్న మా అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏంటని అడిగితే, ఇంట్లో ఎవరికీ వెంటనే గుర్తు రాలేదు.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.