జముకు తీగ, బ్లూస్ పాట: కళాబృందాల సంగీత నేపథ్యము

గురువు చెంత కూర్చొని నేర్చినదే సంగీతమనీ, తక్కినదంతయు పుట్టుకతో వచ్చిన గొంతు మహిమయనీ విద్యావంతులలో ఒక అభిప్రాయము పాతుకొనిపోయినది. ఉద్దానపు పల్లెలలో జముకుల కథ చెప్పు కళాకారుని చూచి, ‘చదువు లేకపోయినా ఎంత బాగా పాడుతున్నాడో’ అని మెచ్చుకొనువారు, ఆ మెప్పులోనే అతని విద్యను కాదనుచున్నారని గమనింపరు. అతడు ఎవరి వద్ద నేర్చినాడు? ప్రక్కన వంత పాడువాని లయ ఏ పనిపాటల నుండి వచ్చినది? ఈ ప్రశ్నలను మనము అడుగము. అడిగినచోట ఎట్టి సమాధానములు లభించినవో ఈ వ్యాసమున వివరింపదలచినాము.

ముందుగా మన ప్రాంతపు వాద్యమును గూర్చి రెండు మాటలు. జముకు ఉత్తరాంధ్రకు చిరపరిచితమైనది. ఒక చిన్న గుండ్రని బుర్రకు ఒకవైపు తోలు మూసి, ఆ తోలు నడుమ నుండి ఒక తీగను లాగి కట్టుదురు. బుర్రను చంకనిడుకొని, తీగ కొసను ఒక చేత బిగించి పట్టి, రెండవ చేత మీటుదురు. బిగించిన కొలది స్వరము పైకి లేచును. సడలించిన కొలది క్రిందికి జారును. వీణకున్నట్లు దీనికి మెట్లు లేవు. వాద్యకాని చెవియే దానికి మెట్టు. తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథకు వాయించు జమిడిక దీనికి దగ్గర బంధువు.

పలాస, టెక్కలి, ఉద్దానము కలిసిన ఈ సీమ పాటకు అనువైన నేల. పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రము, నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఇక్కడ తెలుగూ ఒడియా ఒకే వీధిలో వినబడును. రేవులో వలలాగు జాలరుల పాట, పొలములో నాట్లపాట, గుడిలో భజన, పండుగనాడు తప్పెటగుళ్ళ మోత — ఇన్ని నాదముల నడుమ పెరిగిన బిడ్డ చెవికి శిక్షణ లేదనుట ఎట్లు?

ఈ నేలపై జముకును చేపట్టినవారిలో సుబ్బారావు పాణిగ్రాహి పేరు ప్రసిద్ధము. ఆయన మాతృభాష ఒడియా, వృత్తి బొడ్డపాడు గ్రామ దేవాలయములో అర్చకత్వము, కవిత్వము తెలుగులో. శ్రీకాకుళ ఉద్యమకాలమున జముకుల కథను ఆయన ఊరూరా ప్రచారమునకు వినియోగించినారు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పులలో మరణించినారు. ఆయన ఎన్నుకొన్న మార్గమును గూర్చి భిన్నాభిప్రాయములుండవచ్చును. కాని ఒడియా మాటాడు ఒక పూజారి తెలుగు శ్రమజీవుల వాద్యమును తన వాద్యము చేసికొనుట సంగీత చరిత్రలో గుర్తింపదగిన సంగతి. ఆయన పేరు నిలిచినది. ప్రక్కన నిలిచి వంత పాడినవారు ఎవరి వద్ద నేర్చినారో ఎందరికి తెలియును?

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ గారి విషయమున మనము అదృష్టవంతులము. దూదేకుల కుటుంబమున పుట్టిన ఆయన నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్యగారి వద్ద సంగీతము అభ్యసించినారు. నాటకములలో వేషములు వేసినారు. పేదరికము వలన దర్జీ పని కూడ చేసినారు. పిమ్మట ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథకు పితామహుడనిపించుకొన్నారు. 1986లో పద్మశ్రీ పురస్కారము పొంది, 1997లో కాలధర్మము చెందినారు. బుర్రకథ దళమున నడుమ నిలుచు కథకునిది తంబుర, అందెలు. ఇరుప్రక్కల వంతలవి గుమ్మెటలు. ఒకరిది హాస్యము, ఒకరిది రాజకీయము. నాజర్ గారి కథలో రాగజ్ఞానము, రంగస్థల వాచికము, పల్లె వరుస మూడును కలిసిపోయినవి. ఆ మూడింటి మూలములు మనకు తెలియుటకు కారణము, అంగడాల వెంకటరమణమూర్తిగారు ఆయనను అడిగి తెలిసికొని ‘పింజారి’ అను గ్రంథముగా వ్రాయుటయే.

ఇట్టి సంగతియే సముద్రముల కావల అమెరికాలోను జరిగినది. అచ్చటి నల్లజాతివారి బ్లూస్ గానము, బానిసత్వపు సంతతి ప్రత్తి చేలలోను, నదీతీరపు కట్టపనులలోను పాడుకొన్న పాటల నుండి ఎదిగినది. ఒక చరణమును రెండుసార్లు పాడి, మూడవ చరణమున దానికి జవాబు చెప్పుట అందు తరచుగా కనిపించు పద్ధతి. గొంతు ఆగినచోట వాద్యము బదులు పలుకును; అది మన వంత వంటిదే. అచ్చటి పేదపిల్లలు ఇంటిగోడకు ఒక తీగను మేకులతో బిగించి, సీసాతో జార్చుచు మీటి నేర్చుకొనెడివారు. మన జముకు మీటువానికి ఆ ఒంటితీగ పరాయిది కాదు. ఆఫ్రికా పశ్చిమతీరము నుండి కొనిపోబడిన బానిసలలో ముస్లిములు కూడ ఉండిరి. బ్లూస్‌కు ముందటి పొలికేకల పాటలలో అజాన్ పిలుపు వంటి స్వరపు సాగదీత కలదని సిల్వియాన్ డియూఫ్ అను చరిత్రకారిణి అభిప్రాయపడినారు. ఇది నిరూపితమైన సత్యము కాదు గాని, ఆలోచింపదగిన మాట.

చికాగోలో మడ్డీ వాటర్స్ నడపిన దళమును పరిశీలింతము. ఆయన మిసిసిపీలో స్టోవల్ తోటలో ట్రాక్టరు నడపిన కూలి. మొదట నోటితో ఊదు హార్మోనికా, పిదప గిటారు నేర్చినాడు. 1943లో చికాగో చేరి కర్మాగారములో పని చేసెను. దళములో హార్మోనికా వాయించిన లిటిల్ వాల్టర్ లూసియానా నుండి వచ్చి వీధులలో వాయించి నేర్చినవాడు. గిటారు వాయించిన జిమ్మీ రోజర్స్ కూడ బాల్యమున హార్మోనికాతోనే ఆరంభించినాడు. వారికి పాటలు కట్టి ఇచ్చి, బాస్ వాద్యము వాయించిన విల్లీ డిక్సన్ ఒక వడ్రంగి వద్ద భక్తిగీతముల మేళవింపు నేర్చినవాడు. కొంతకాలము మల్లయుద్ధము వంటి ముష్టియుద్ధపు పోటీలలోను పాల్గొన్నాడు. పొలము, వీధి, ప్రార్థనాలయము — ఈ మూడు పాఠశాలల నుండి వచ్చినవారు ఒక వేదికపై కలిసినప్పుడు ఆ దళమునకు తనదైన నాదము పుట్టినది.

ఇవన్నియు లోకమునకు ఎట్లు తెలిసినవి? నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయము నల్లజాతి విద్యార్థుల కొరకు ఏర్పడిన విద్యాసంస్థ. అచ్చటి సంగీతోపాధ్యాయుడు జాన్ వర్క్, కాంగ్రెసు గ్రంథాలయమునకు చెందిన అలన్ లోమాక్స్ 1941లో స్టోవల్ తోటకు పోయి, ఆ ట్రాక్టరు కూలి పాటను ముద్రించుకొన్నారు. పాట ఆగిన పిదప, ‘ఇది ఎచ్చట నేర్చితివి?’ అని అడిగినారు. అతడు సన్ హౌస్ అను పెద్ద గాయకుని పేరు చెప్పెను. ఒక్క ప్రశ్నతో ఒక గురుపరంపర వెలికి వచ్చినది. ఐనను జాన్ వర్క్ బృందము వ్రాసిన వ్రాతప్రతులు దశాబ్దముల తరబడి మరుగున పడి, 2005లో గాని గ్రంథరూపము దాల్చలేదు. అడుగుట ఎంత ముఖ్యమో, అడిగినదానిని భద్రపరచుటయు అంతే ముఖ్యమని దీని నుండి తెలియవలెను.

మన సీమకు వ్యవధి ఎక్కువ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. బ్రతుకుతెరువుకై యువకులు దూరప్రాంతములకు పోవుట ఇచ్చట ఎరిగిన విషయమే. పని పోయినచోట పనిపాట నిలువదు. వంత పాడువాడు వలస పోయిన నాడు కథకుడు ఒంటరియగును.

కావున విద్యార్థులకు మా మనవి ఒక్కటి. సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు మీ ఊరి జముకు కళాకారుని, భజనగురువును, పీర్ల పండుగకు డప్పు కొట్టు తాతను పలుకరింపుడు. పాట వినుటతో సరిపెట్టక, ఎవరి వద్ద నేర్చినారో, ఏ వయసున నేర్చినారో, ప్రక్క వాద్యము వాయించువారు ఎవరో అడిగి, తేదీ వేసి వ్రాసికొనుడు. ఫిస్క్ వంటి ఒక విద్యాసంస్థ చేసిన పని మన కళాశాల చేయలేనిది కాదు. దానికి కావలసినది ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక, ఎదుటివాని విద్యయెడల గౌరవము మాత్రమే.