పిడికెడు బియ్యం, ఒకే బంతి

ఉపవాసం, ప్రార్థన, కానుక, పాట: తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో తరతరాలుగా సాగుతున్న అలవాట్లివి. ఇవి మనిషిని నిజంగా మార్చాయా అన్నది సంఘాన్ని చూస్తే తెలుస్తుంది.

ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేయడం. డోర్నకల్ ప్రాంతపు పల్లెల్లో క్రైస్తవ స్త్రీలకు ఒకప్పుడు ఇది రోజూ చేసే పని. అలా కూడబెట్టిన బియ్యమే దేవునికి కానుక. కూలి గింజల్లో ముట్టే రోజులవి. చేతిలో డబ్బులు ఆడే ఇళ్లు తక్కువ. ఇవ్వడం కలిగినవాళ్ల పని అన్న మాట అక్కడ చెల్లలేదు.

ఈ అలవాటును ప్రోత్సహించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని మన మధ్యే స్థిరపడ్డారు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ హోదా పొందిన తొలి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను నిలదీశారు. మీ త్యాగాలకు మేం రుణపడి ఉంటాం, కానీ మాకు కావలసింది మీ స్నేహం అన్నది ఆ ప్రసంగ సారం. ఒకరు ఎప్పుడూ ఇచ్చేవారుగా, మరొకరు ఎప్పుడూ పుచ్చుకునేవారుగా ఉంటే స్నేహం కుదరదు. పిడికెడు బియ్యం పేద ఇల్లాలిని కూడా ఇచ్చేవారి వరసలో నిలబెట్టింది.

మిగిలిన పూట ఎవరికి?

విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేస్తే, 40 రోజులు శ్రమల కాలం. కొందరు మాంసం మానేస్తారు, కొందరు ఒక పూట పస్తుంటారు. మంచి శుక్రవారం నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం ముగిసేదాకా మంచినీళ్లు కూడా ముట్టనివారున్నారు. నాలుకను అదుపులో పెట్టుకోవడం నేర్చినవారికి కోపాన్ని, కోరికను పట్టుకోవడం కొంత సులువవుతుంది. అయితే యెషయా ప్రవక్త అక్కడితో ఆగనివ్వడు. ఒకవైపు ఉపవాసముంటూ మరోవైపు పనివాళ్లను పీడించేవారిని ఆయన గ్రంథం 58వ అధ్యాయం గట్టిగా మందలిస్తుంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమంటుంది. మనం మానుకున్న పూట ఇంకొకరి కంచంలోకి చేరకపోతే అది ఒట్టి పస్తే.

బల్ల దగ్గరికి వచ్చే ముందు

ప్రభురాత్రి భోజనానికి ముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలి. కతోలికులు గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తారు. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఒప్పుకోలు ప్రార్థన ఉంటుంది. గట్టు తగాదాలో మాటలు మానేసిన అన్నదమ్ములకు అసలు పరీక్ష ఇక్కడే. కానుకను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి సోదరుడితో సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయం చెబుతుంది. కొరింథు సంఘంలో కలిగినవారు ముందే తినేసి పేదలను ఆకలితో ఉంచినందుకు పౌలు ఎంత కోప్పడ్డాడో ఆ సంఘానికి రాసిన మొదటి పత్రికలో చూడవచ్చు.

ఆ మందలింపు మనకూ తగులుతుంది. ఒకే ఊళ్లో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి ఉన్న చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. మోకాళ్లూని చేసిన ప్రార్థనలు వాటి మధ్య దారిని దాటించలేకపోయాయి. పంజాబు నుంచి వచ్చిన సువార్తికుడు భక్త్ సింగ్ (1903–2000) హైదరాబాద్‌లోని హెబ్రోను మందిరంలో సాగించిన ప్రేమ విందులు ఇందుకు ఒక జవాబు. అధికారి అయినా, రిక్షా తొక్కేవాడైనా నేల మీద ఒకే బంతిలో కూర్చుని ఒకే కూర తినాలి. పక్కన ఎవరు కూర్చోవాలో ఎంచుకునే వీల్లేని చోట అహం కరగక తప్పదు.

చాప పరిచిన ఇల్లు

పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల పుణ్యమా అని తెలుగు క్రైస్తవులకు రాగతాళాలతో సొంత కీర్తనలు దక్కాయి. చదువు రానివారూ వాటిని కంఠతా పట్టారు. ఆ పాటలే ఇంటింటి కూడికలకు ప్రాణం. జబ్బుపడిన ఇంట్లో, చావు జరిగిన ఇంట్లో చాప పరుస్తారు. పాట, వాక్యం, ప్రార్థన, ఆపైన టీ. ఆ టీ తాగేటప్పుడే ఎవరి పిల్లాడు బడి మానేశాడో, ఎవరింట్లో మందులకు డబ్బుల్లేవో బయటికొస్తుంది. ఇప్పుడు ఊరు విడిచినవారు ఫోన్లలోనే కూడికలు పెట్టుకుంటున్నారు. గొంతు కలుస్తుంది గానీ, జ్వరంతో ఉన్నవారికి గంజి కాచి ఇవ్వడానికి మనిషి గడప దాటి రావాల్సిందే.

చాలా సంఘాలు ఏటా సర్వసభ్య సమావేశంలో కానుకల లెక్క చదివి వినిపిస్తాయి. ఎన్ని తగాదాలు తీరాయి, ఎవరి ఇళ్లకు కూడిక ఒక్కసారీ వెళ్లలేదు అన్న లెక్క కూడా ఆ కాగితం మీద చేరాలి. వచ్చే ఏడాది ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలకు అదే చెబుతుంది.