పొరల్లో దాగిన సన్నాయి

పెళ్లి వీడియోలో మాంగల్యధారణ ఘట్టం. వెనకాల సన్నాయి మోగిపోతోంది. డోలు దద్దరిల్లుతోంది. తీరా ఆరా తీస్తే ఆ పెళ్లికి మేళమే రాలేదు! వీడియో ఎడిటింగు చేసిన కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని, కీబోర్డు మీద నాలుగు మీటలు నొక్కి సన్నాయి పలికించాడు.

ఇదేం మాయ అనుకుంటున్నారా? మాయేం కాదు. దాని పేరు శాంపిల్. ఇవాళ సినిమా పాటల్లో, టీవీ సీరియళ్లలో, భక్తి గీతాల ఆల్బమ్‌లలో, ఆఖరికి ఫోనులో చూసే చిన్న చిన్న వీడియోల్లో కూడా మనం వినే వాద్యాల్లో ఎన్నో ఇలా పుట్టినవే. ఒంగోలు పక్కన సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నంలాంటి ఊళ్లో ఓ కుర్రాడి దగ్గర ల్యాప్‌టాప్, చిన్న కీబోర్డు, చెవులకు మంచి హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. వీణ, వయొలిన్, పియానో, వంద మంది ఆర్కెస్ట్రా... అన్నీ అతని గదిలోకి వచ్చేస్తాయి.

నాదస్వరానికి పుట్టినిల్లులాంటి ప్రాంతమిది. అందుకే ఈ కొత్త విద్య కథ ఇక్కడివాళ్లు తెలుసుకోవాల్సిందే.

ఒక్క స్వరానికి పదహారు రికార్డింగులు

శాంపిల్ అంటే నమూనా. అసలు వాద్యాన్ని అసలు కళాకారుడే వాయిస్తుండగా ఒక్కో స్వరాన్నీ విడివిడిగా రికార్డు చేస్తారు. ఆ ముక్కల్ని కీబోర్డు మీద ఒక్కో మీటకు తగిలిస్తారు. మీట నొక్కగానే ఆ ముక్క మోగుతుంది. ఇంతవరకూ తేలికే. చిక్కంతా ఆ తర్వాతే.

వీణ తీగను మెల్లగా మీటి చూడండి. తర్వాత గట్టిగా మీటండి. రెండోసారి శబ్దం పెద్దదవుతుంది, అంతేనా? కాదు. దాని స్వభావమే మారిపోతుంది. మెల్లగా మీటితే మెత్తగా, గుండ్రంగా పలికిన తీగ గట్టిగా మీటితే కంగుమంటుంది. మెత్తటి రికార్డింగుకే వాల్యూమ్ పెంచినంత మాత్రాన ఆ కంగు రాదు. గుసగుసను మైకులో పెట్టినా అరుపు కాదు కదా!

అందుకే పొరలు. ఒకే స్వరాన్ని మెల్లగా ఒకసారి, మధ్యస్థంగా ఒకసారి, గట్టిగా ఒకసారి... ఇలా రికార్డు చేసి ఒకదానిమీద ఒకటి పేర్చి పెడతారు. వేలు ఎంత బలంగా పడిందో కీబోర్డు కనిపెట్టి 1 నుంచి 127 వరకు ఒక అంకె పంపుతుంది. ఆ అంకెను బట్టి సాఫ్ట్‌వేర్ తగిన పొరను తీసి వినిపిస్తుంది. ఔత్సాహికులకు ఉచితంగా దొరికే ‘సాలమాండర్ గ్రాండ్ పియానో’ అనే శాంపిళ్ల సంపుటిలో ఇలాంటి పొరలు పదహారున్నాయి.

మరో చిక్కుంది. డప్పు మీద ఒకే దెబ్బ పదిసార్లు కొడితే ఏ రెండు దెబ్బలూ అచ్చంగా ఒకలా ఉండవు. కంప్యూటరు మాత్రం ఒకే రికార్డింగును పదిసార్లు మోగిస్తుంది. వింటే తుపాకీ పేల్చినట్టుంటుంది. దీనికి విరుగుడుగా ఒకే దెబ్బను నాలుగైదుసార్లు రికార్డు చేసి వంతులవారీగా వినిపిస్తారు.

లెక్క వేస్తే కళ్లు తిరుగుతాయి. 24 స్వరాలు, ఒక్కోదానికి నాలుగు పొరలు, ఒక్కో పొరకు నాలుగు వంతులు... మొత్తం 384 రికార్డింగులు. ఒక్కోటి ఆరు సెకన్లనుకుంటే సీడీ నాణ్యతలో 400 మెగాబైట్లు దాటుతుంది. అదే వాద్యాన్ని దగ్గర నుంచి, కాస్త దూరం నుంచి, హాలు చివరి నుంచి మూడు మైకులతో రికార్డు చేస్తే 1,152 ముక్కలు. కళాకారుడు, ఇంజినీరు రోజుల తరబడి ఓపిగ్గా కూర్చుంటే తప్ప ఒక మంచి వాద్యం తయారవదు.

టేపు ముక్కల నుంచి ల్యాప్‌టాప్ దాకా

ఈ ఆలోచన కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ‘మెలోట్రాన్’ అనే వాద్యం తయారైంది. అందులో ప్రతి మీట కింద ఒక టేపు ముక్క ఉండేది. మీట నొక్కితే టేపు కదిలి, అందులో రికార్డు చేసిన వేణువో వయొలినో వినిపించేది. 1967లో బీటిల్స్ బృందం పాడిన ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వినిపించే వేణువులు ఇవే. ఆ టేపు ఎనిమిది సెకన్లే నడిచేది. స్వరాన్ని అంతకుమించి సాగదీయాలంటే కుదరదు.

1979లో ఆస్ట్రేలియాలో ‘ఫెయిర్‌లైట్’ వచ్చింది. శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకున్న యంత్రమది. ధర చూస్తే మాత్రం ఇల్లు కొనుక్కోవచ్చు! 1983లో ‘మిడి’ వచ్చాక ఏ కంపెనీ కీబోర్డైనా మరో కంపెనీ యంత్రంతో మాట్లాడగలిగింది. 1980ల చివరికి అకాయ్ శాంపిలర్లు స్టూడియోల్లో మామూలైపోయాయి. 1998లో ‘గిగాశాంపిలర్’ అనే సాఫ్ట్‌వేర్ ఓ చక్కటి చిట్కా కనిపెట్టింది. శబ్దం మొత్తాన్నీ మెమరీలోకి ఎక్కించకుండా మొదటి క్షణాలను మాత్రమే అక్కడ ఉంచి, మిగతాది హార్డ్ డిస్కు నుంచి అప్పటికప్పుడు లాక్కొచ్చింది. దాంతో పొరలు ఎన్ని పెట్టినా ఇబ్బంది లేకుండా పోయింది. 2002లో జర్మనీ కంపెనీ నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ ‘కాంటాక్ట్’ను విడుదల చేసింది. శాంపిల్ వాద్యాలు వాడేవాళ్లలో దాని పేరు వినని వాళ్లు అరుదు.

మన దగ్గర? 1992లో ‘రోజా’తో ఏఆర్ రెహమాన్ వినిపించిన కొత్త శబ్దం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. పెద్ద స్టూడియోలో వాద్యబృందాన్ని కూర్చోబెట్టి, అందరితో ఒకేసారి వాయించి రికార్డు చేసే పద్ధతి ఆ దశకంలో మెల్లగా తగ్గింది. సంగీత దర్శకుడు తన సొంత స్టూడియోలో ఒక్కో పొరనూ పేర్చుకుంటూ పోయే పద్ధతి వచ్చింది. ఒక పాటకు పాతిక మంది వయొలిన్ కళాకారులు అవసరమైన చోట నలుగురైదుగురు సరిపోవడం మొదలైంది.

కరవది గాలి యంత్రానికి అందేనా?

కొత్తపట్నం నుంచి ఒంగోలు మీదుగా కాస్త ముందుకెళితే కరవది. నాదస్వర చక్రవర్తి షేక్ చిన మౌలానా 1924లో పుట్టిన ఊరు. చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబ్ దగ్గర విద్య నేర్చి, తంజావూరు బాణీ మీద మమకారంతో తమిళనాడు వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడ్డారాయన. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకుని 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులను 2020లో పద్మశ్రీ వరించింది. ముస్లిం ఇళ్లలో పుట్టి రామాలయాల్లో, శివాలయాల్లో మేళం వాయించిన కుటుంబాలు ఈ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎన్నో.

మరి ఆ సన్నాయిని శాంపిల్‌లో పట్టగలమా? ఇక్కడే యంత్రం తడబడుతుంది.

పియానోను శాంపిల్ చేయడం సులువు. ఎందుకంటే దాని మీట నొక్కాక స్వరం అక్కడే ఉంటుంది. మన సంగీతంలో స్వరం ఒకచోట నిలవదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. అదే గమకం. నాదస్వర విద్వాంసుడు రంధ్రాన్ని వేలితో సగం మూసి, పీక మీద పెదవుల ఒత్తిడి మార్చి, ఊపిరిని బిగించి సడలించి ఆ గమకాన్ని పలికిస్తాడు. తోడిలో గాంధారం ఒకలా ఊగితే మరో రాగంలో గాంధారం నిలకడగా ఉంటుంది. మీటకు తగిలించిన గాంధారానికి తాను ఏ రాగంలో ఉన్నానో తెలియదు!

సాఫ్ట్‌వేర్ తయారీదారులు చేతులు కట్టుకు కూర్చోలేదు. కీబోర్డు పక్కనుండే చక్రాన్ని తిప్పితే స్వరం పైకీ కిందికీ వంగుతుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే తీరును కూడా విడిగా రికార్డు చేసి పెడుతున్నారు. కొందరు ఏకంగా ఒక రాగంలోని చిన్న చిన్న సంగతులనే మొత్తంగా రికార్డు చేసి ఇస్తున్నారు. అలా చేస్తే సహజత్వం వస్తుంది. కానీ కొత్త సంగతి పుట్టదు. ఎవరు వాడినా అదే సంగతి. అందుకే ఒక్కోసారి రెండు వేర్వేరు సినిమాల్లో ఒకే సన్నాయి పలుకు విన్నట్టనిపిస్తుంది.

హార్మోనియం చెప్పిన పాఠం

మన చెవులకు ఈ గొడవ కొత్త కాదు. యూరప్ నుంచి వచ్చిన హార్మోనియం గమకాలు పలికించలేదన్న వాదనతో ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ పట్టు సడలలేదు. ఈలోపు అదే హార్మోనియం మన పౌరాణిక నాటకాలకు ప్రాణమైంది. పద్యం ఎత్తుకునేముందు శ్రుతి అందించే హార్మోనిస్టు లేకుండా కోస్తా జిల్లాల్లో నాటకం ఊహించగలమా? వాద్యానికున్న పరిమితిని తెలుసుకుని, దాన్ని ఎక్కడ వాడాలో అక్కడ వాడారు మనవాళ్లు.

తర్వాత ఎలక్ట్రానిక్ తంబుర వచ్చింది. బెంగళూరు ఇంజినీరు, వేణు విద్వాంసుడు కూడా అయిన జి.రాజ్‌నారాయణ్ ఆ రంగంలో ఆద్యుల్లో ఒకరు. ఇవాళ అదీ ఫోనులోకి చేరిపోయింది. గుళ్లలో హారతి వేళ గంటా నగారా మోగించే కరెంటు యంత్రాలు సరేసరి. స్విచ్ వేస్తే చాలు, మనిషి అక్కర్లేదు.

అసలు భయం ఇక్కడే ఉంది. 1982లో బ్రిటన్‌లో వాద్యకారుల సంఘం సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లను కట్టడి చేయాలంటూ తీర్మానం చేసింది. యంత్రం ఆగలేదు. బతుకు భయం మాత్రం అబద్ధం కాదు. పెళ్లిళ్ల సీజను మీద ఆధారపడే మేళగాళ్లకు ఒక్క ముహూర్తం పోయినా నష్టమే. ఇంకో సంగతి. శాంపిల్ కోసం వాయించిన కళాకారుడికి సాధారణంగా ఆ రోజు పారితోషికమే దక్కుతుంది. ఆ తర్వాత ఆయన ఊపిరి వేల పాటల్లో వినిపించినా ఆయన పేరు ఎక్కడా కనిపించదు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం మన దేశంలో ప్రదర్శకుల హక్కులను విస్తరించింది. అయినా మైకు ముందు కూర్చునేముందు ఒప్పందం కాగితాన్ని పూర్తిగా చదవడం కళాకారుల చేతుల్లోనే ఉంది.

మన శబ్దం మనమే దాచుకుందాం

అలాగని ఈ విద్యను శాపమని తీసేయాలా? అక్కర్లేదు. ఒకప్పుడు పాట రికార్డు చేయాలంటే మద్రాసు రైలెక్కాలి. స్టూడియో అద్దెకు, వాద్యకారులకు చేతిలో డబ్బుండాలి. కొత్తపట్నం కుర్రాడికో కుర్రదానికో ఆ అవకాశం ఎక్కడిది? ఇప్పుడు గది దాటకుండానే బాణీ కట్టి, వాద్యాలు పేర్చి, పదిమందికీ వినిపించవచ్చు. డబ్బు లేక ఆగిపోయిన ప్రతిభకు ఇది తలుపు తెరిచింది.

వాడటంలో కొంచెం ఇంగితం కావాలి, అంతే. సన్నాయి శాంపిల్ వాయించేటప్పుడు మనిషి ఊపిరి తీసుకునే చోట మీట వదలాలి. ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో నొక్కకూడదు. లేకపోతే పదహారు పొరలున్నా ఒక్కటే పలుకుతుంది. వయొలిన్, తంబుర, సన్నాయి అన్నిటినీ ఒకేసారి కుమ్మరించకుండా ఒకదానికొకటి చోటివ్వాలి. అనుభవజ్ఞులు పాటించే కిటుకు ఇంకోటుంది. పది వాద్యాల్లో తొమ్మిది శాంపిళ్లయినా ఒక్కటి మాత్రం మనిషి చేత వాయించండి. ఆ ఒక్కటే మిగతా తొమ్మిదిటికీ జీవం పోస్తుంది. ఊళ్లోని సన్నాయి విద్వాంసుడికి ఓ పూట పనీ దొరుకుతుంది.

విదేశాల్లో తయారయ్యే సంపుటాల్లో సితార్, తబలా తేలిగ్గా దొరుకుతాయి. మన డప్పు, డక్కీ, బుర్రకథ తంబుర, అందెలు వాటిలో కనిపించడం అరుదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు ముద్దుబిడ్డ షేక్ నాజర్ ప్రపంచానికి చాటిన బుర్రకథ నాదం ఏ హార్డ్ డిస్కులోనూ లేకపోతే రేపటి కుర్రాడు దాన్ని వాడేదెలా? ఈ పని మనమే చేసుకోవచ్చు. మంట దగ్గర కాచిన డప్పు, సిర్రా సిటికెన పుల్లా తెలిసిన కళాకారుడు, ఒక మంచి మైకు, నిశ్శబ్దంగా ఉండే గది. మూడు రకాల దెబ్బలు, ఒక్కోటి మూడు పొరల్లో, నాలుగేసిసార్లు... మొత్తం 36 రికార్డింగులు. ఒక మధ్యాహ్నం పని. వాయించినవారి అనుమతి, పారితోషికం, పేరు... ఈ మూడూ మర్చిపోకుండా ఉంటే చాలు. పల్లెపాలెంలో వలలాగే పాటలైనా, తీరంలో అలల హోరైనా అలాగే దాచుకోవచ్చు.

శాంపిల్ ఎంత గొప్పదైనా ఒకప్పుడు ఒక మనిషి వాయించిన క్షణానికి నకలే. అసలు వాయించేవాడే లేకపోతే రేపు నకలు తీయడానికి ఏం మిగులుతుంది? కాబట్టి ఈసారి మీ ఇంట్లో పెళ్లి కుదిరితే పెన్‌డ్రైవ్ సంగతి తర్వాత చూద్దురుగానీ, ముందు సన్నాయి మేళానికి కబురు పంపండి!