చల్లదనము - చికిత్స

"చల్లగా నుండుము" అని పెద్దలు పిన్నలను దీవింతురు. ఎండలు మండు దేశమున ఇంతకు మించిన దీవెన లేదు. అది ఆరోగ్యవంతులకంటె రోగులకు మరింత అవసరము.

మానవుని శరీరోష్ణము సుమారు 37 డిగ్రీలు. ఎండ హెచ్చినపుడు చెమట పట్టును. అది ఆరుచు ఒంటి వేడిని గొనిపోవును. గాలి మిక్కిలి వేడిగాను, తేమగాను ఉన్నచో చెమట సరిగా ఆరదు. వేడి లోపలనే నిలిచిపోవును. పసికందులకును, వృద్ధులకును, గుండెజబ్బు గలవారికిని ఈ బాధను తట్టుకొను శక్తి తక్కువ. కొన్ని మందులు చెమటను తగ్గించును గూడ. కావున వైద్యశాలలో చల్లదనము భోగము కాదు. చికిత్సలో నొక భాగము.

ఈ సంగతిని తొలుత గుర్తించినవారిలో అమెరికా వైద్యుడు జాన్ గోరీ ఒకడు. ఆతడు 1840 తరువాతి సంవత్సరములలో, ఫ్లారిడాలోని అపలాచికోలా రేవుపట్టణమున జ్వరపీడితుల గదులలో మంచుగడ్డల పాత్రలను పైకప్పునకు వ్రేలాడదీసి గాలిని చల్లబరచెను. మంచు ఉత్తర దేశమునుండి ఓడలలో రావలసియుండెను. అందుచేత ఆతడు మంచును చేయు యంత్రమును కల్పించి, 1851లో పేటెంటు పొందెను. ధనసహాయము లభింపక, 1855లో మరణించెను. చెడుగాలి వలన మలేరియా కలుగునను ఆతని నమ్మకము తప్పే. కాని రోగికి చలువ మేలను తలంపు నిలిచినది.

నేటి పెద్ద భవనములలో లోపలి వేడిని యంత్రములు నీటికి చేర్చును. ఆ నీటిని మేడపైనున్న గోపురమువంటి నిర్మాణమున జల్లుగా కురిపించి, పంకాతో గాలి నాడింతురు. కొంత నీరు ఆవిరియై పోగా మిగిలినది చల్లబడును. కొత్తకుండలో నీరు చల్లబడు విధమే ఇదియు. అయితే గోరువెచ్చని నీటిలో పాచియు, సూక్ష్మజీవులును పెరుగును. నీటి తుంపరలు వానిని గాలిలో దూరముగా గొనిపోవును.

1976 జూలైలో ఫిలడెల్ఫియా నగరమున, ఒక హోటలులో 'అమెరికన్ లీజియన్' అను మాజీ సైనికుల సంఘము సమావేశమయ్యెను. పిదప కొలది దినములకే పలువురు తీవ్రమైన న్యుమోనియాకు లోనైరి. మొత్తము 34 మంది మరణించిరి. కారణమేమో వైద్యులకు తెలియలేదు. ఆరు నెలల పరిశోధన తరువాత, 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ అను శాస్త్రవేత్త ఆ బాక్టీరియమును కనుగొనినట్లు ప్రకటింపబడెను. దానికి 'లీజియనెల్లా' అని పేరిడిరి.

1985లో ఇంగ్లండులోని స్టాఫర్డు పట్టణమున ఈ జబ్బు మరల తలయెత్తెను. ఈమారు 28 మంది చనిపోయిరి. విచారింపగా ఆ జబ్బునకు మూలము వైద్యశాల మేడపైనున్న శీతలీకరణ గోపురమే యని తేలెను. స్వస్థత గూర్పవలసిన యింటి యంత్రమే ప్రాణాపాయమునకు కారణమయ్యెను.

అట్లని యంత్రములను వదలుకొనుట తగదు. వానిని శుభ్రముగా నుంచుటయే తగిన మార్గము. గోపురములను వేళకు కడిగి, నీటికి మందు కలిపి, తరచు పరీక్షింపవలెను. ఈ సూక్ష్మజీవులు 20 డిగ్రీలకు పైన, 45 డిగ్రీలకు లోపల పెంపొందును గనుక, గొట్టములలో చన్నీరు చల్లగాను, వేడినీరు బాగుగ వేడిగాను ఉండవలెను.

యంత్రము నిలిచిపోయిన దినమునకు గూడ సిద్ధపడియుండవలెను. 2022 జూలై 19న ఇంగ్లండులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటెను. లండనులోని గైస్, సెయింట్ థామస్ వైద్యశాలల కంప్యూటర్లను చల్లబరచు యంత్రములు ఆ వేడికి చాలక నిలిచిపోగా, రోగుల వివరములు వైద్యులకు కనబడక, కాగితముల నాశ్రయింపవలసి వచ్చెను.

యంత్రముతో పనిలేని ఉపాయములును కలవు. 2010 మే నెలలో అహ్మదాబాదున ఎండ 46 డిగ్రీలు దాటెను. అచటి యొక వైద్యశాలలో శిశువుల వార్డు పై అంతస్తున నుండుటచే ఎండ తాకిడి అధికమయ్యెను. దానిని క్రింది అంతస్తునకు మార్చగా, వేడికి జబ్బుపడు శిశువుల సంఖ్య తగ్గెను. కప్పునకు సున్నము పూయుట, కిటికీలకు నీడ కల్పించుట, చెట్లు పెంచుట కూడ ఇట్టివే.

భూమి యేటేట వేడెక్కుచున్న యీ కాలమున వైద్యశాలలకు చల్లదన మింకను కావలసియుండును. వైద్యునివలెనే, మేడపై నీటిని పరీక్షించు పనివాడును రోగి ప్రాణమును కాపాడుచున్నాడు. ఆతని శ్రద్ధ గలచోటనే ఆ పాత దీవెన ఫలించును.