తప్పెవరిదో తేలకున్నా పరిహారం

టీకా వల్ల హాని జరిగిందని భావించేవారి కోసం అమెరికాలో ప్రత్యేక పరిహార పథకం ఉంది. 1970ల చివర్లో, 1980లలో అక్కడ డీపీటీ టీకాపై దావాలు వెల్లువెత్తాయి. కొన్ని కంపెనీలు టీకాల తయారీకి స్వస్తి చెప్పడంతో కొరత ముంచుకొచ్చింది. పిల్లలకు టీకాలు ఆగకూడదు, నష్టపోయిన కుటుంబం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగకూడదు అన్న ఉద్దేశంతో 1986లో చట్టం వచ్చింది. 1988 అక్టోబరు 1న పథకం మొదలైంది.

డబ్బు ఎక్కడిది?

టీకా నివారించే ఒక్కో వ్యాధికి డోసుకు 75 సెంట్ల చొప్పున ఎక్సైజ్ సుంకం వసూలు చేస్తారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటినీ అడ్డుకునే ఎంఎంఆర్ డోసుపై అది 2.25 డాలర్లు. ఈ సుంకంతో ఏర్పడిన నిధి నుంచే పరిహారం చెల్లిస్తారు.

కేసు నడిచే తీరు

పిటిషన్‌ను వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో వేయాలి. ప్రతివాది కంపెనీ కాదు, కేంద్ర ఆరోగ్య మంత్రి. జ్యూరీ ఉండదు, స్పెషల్ మాస్టర్ అనే న్యాయాధికారి విచారిస్తారు. గాయమైతే తొలి లక్షణం కనిపించిన మూడేళ్లలోపు పిటిషన్ వేయాలి. బాధ సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండాలి.

ఏ టీకాకు ఏ హాని, ఎంత వ్యవధిలో అన్నది ప్రభుత్వ పట్టికలో ఉంటుంది. సూది భుజం కీలు దగ్గర దిగి, 48 గంటల్లో నొప్పి మొదలై, చెయ్యి పైకి లేవకపోతే అది పట్టికలోని గాయమే. ఫ్లూ టీకా తర్వాత 3 నుంచి 42 రోజుల్లో గులియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు వచ్చినా అంతే. అప్పుడు కారణం వేరని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదే. పట్టికలో లేని హానికి మాత్రం టీకాయే కారణమని బాధితులు నిరూపించాలి.

రాజీ

పరిహారం దక్కిన కేసుల్లో సుమారు 60 శాతం రాజీతో ముగిసినవే. ఒప్పంద పత్రంలో ఒక పేరాలో టీకా వల్ల హాని జరగలేదని ప్రభుత్వం అంటుంది. మరో పేరా ఎంత చెల్లించాలో చెబుతుంది. ఇందులో వైరుధ్యం లేదు. వైద్య నిపుణుల మధ్య తేలని వివాదం కోసం మంచం పట్టిన మనిషి ఆగలేడు. అందుకే రాజీ కుదిరినంత మాత్రాన టీకా దోషం రుజువైందని అనుకోకూడదు. పిటిషన్‌దారు అబద్ధమాడారనీ అనుకోకూడదు. స్పెషల్ మాస్టర్ ఆమోదంతో ఒప్పందం తీర్పుగా మారుతుంది. డబ్బు తీసుకున్నాక అదే గాయంపై మళ్లీ దావా వేయడానికి వీలుండదు.

వైద్య ఖర్చులు, పోగొట్టుకున్న సంపాదన లెక్కలోకి వస్తాయి. నొప్పి, మనోవేదనలకు గరిష్ఠ పరిహారం 2.5 లక్షల డాలర్లు, మరణానికీ అంతే. సదుద్దేశంతో, సహేతుక ఆధారాలతో వేసిన పిటిషన్ ఓడినా లాయరు ఫీజు నిధే భరిస్తుంది. పేదవారికి ఇదే పెద్ద భరోసా.

కొవిడ్ వేరు

కొవిడ్ టీకాలను ఈ పథకంలో కాక, అత్యవసర పరిస్థితుల కోసం ఉన్న మరో కార్యక్రమంలో చేర్చారు. అక్కడ టీకా వేసుకున్న ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి. లాయరు ఫీజు ఇవ్వరు. అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఈ గడువుల తేడాను గుర్తుంచుకోవాలి.